ఎడమ చెంప

పోయిన వారం కథలో ఫోటో స్టూడియో మేడమీద ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకోవడం చూశాం. వైరల్ జ్వరంతో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చిన చిన్నకోడలికి మళ్ళీ తలనొప్పి, ఒక పక్క ముక్కు దిబ్బడ మొదలయ్యాయి. ఇంటిల్లిపాదీ కంగారుపడి, కింద స్టూడియోలో ఆమె మొహం ఫోటో తీసి డాక్టరమ్మకు పంపారు. డాక్టరమ్మ చూసి, "వాపేమీ కనిపించడం లేదు, జలుబు చేసి ఉంటుంది. ఆవిరి పట్టండి, తగ్గకపోతే చెప్పండి" అంది. అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. చిన్నకొడుకు వారం రోజుల గడ్డం గీసుకున్నాడు. పెద్దకోడలు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కిందికి వెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎందుకో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

పెద్దకోడలికి అసూయ ఎక్కువని ఎవరైనా అంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దున్నే లేచేదీ ఆమే, రాత్రి ఆఖరున పడుకునేదీ ఆమే. నోట్లో నాలుక లేని మనిషని పేరు. నాలుక లేకపోతే ఏం, కడుపు ఉంటుందిగా. ఆ కడుపు మూడేళ్ళుగా రగులుతూనే ఉంది, సరిగ్గా చిన్నకోడలు కాపురానికి వచ్చిన రోజునుంచి.

మొదట స్టూడియో ముందు అద్దాల పెట్టె సంగతి. పెద్దకోడలి పెళ్ళిఫోటో అందులో పదకొండేళ్ళు ఉంది. ఒకనాడు మార్కెట్‌నుంచి వచ్చేసరికి దాని స్థానంలో చిన్నకోడలి ఫోటో ఉంది. ఎవరూ ఆమెను అడగలేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. తన ఫోటో గోడకు ఆనించి, ప్రింటింగ్ కాగితాల కట్టల వెనకాల నిలబెట్టి ఉంది. ఆ తర్వాత కెమెరా పట్టే తన మొగుడు ఒక మాట అన్నాడు. "ఆ అమ్మాయి మొహానికి లైటు ఎలా పెట్టినా పరవాలేదు" అన్నాడు, ఏదో లెన్సు గురించి చెప్పినంత మామూలుగా. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఇక్కడ తోడికోడలు నవ్వనూ లేదు, పాపం. అదే ఇంకా బాధ. చిన్నకోడలు మంచిది. తిట్టుకోవడానికి ఒక్క కారణం కూడా ఇవ్వని మనిషిమీద ఎంతకాలమని లోలోపల మండిపోవడం?

ఆఖరికి జబ్బులో కూడా చిన్నదానిదే పైచేయి అయింది. నిజానికి ఆ జ్వరం ఇంట్లో ముందు వచ్చింది పెద్దకోడలికే. వెనకగదిలో తలుపు వేసుకుని పది రోజులు ఒక్కతే పడి ఉంది. గుమ్మం బయట పళ్ళెం పెట్టి వెళ్ళేవాళ్ళు, అది కూడా గుర్తున్నప్పుడు. పదకొండో రోజు లేచి తన దుప్పట్లు తనే ఉతుక్కుంది. ఆ తర్వాత వారానికి చిన్నకోడలికి వచ్చింది. అంబులెన్సు, ఆస్పత్రి, ఆక్సిజన్, అక్కడిచ్చిన మందులకు పెరిగిన షుగరు, గంటగంటకూ ఫోన్లు. ఊళ్ళో ఉన్న చుట్టాలందరూ ఆమె పేరే తలుచుకున్నారు.

ఈ రోజు పొద్దున్న తొమ్మిదింటికి పెద్దకోడలు ఒక పాలకప్పు, రెండు బ్రెడ్డు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని చిన్నకోడలి గదిలోకి వెళ్ళింది. అత్తగారు మంచం చివర కూర్చుని, చిన్నకోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతోంది. పద్నాలుగేళ్ళలో ఆ చేతులు పెద్దకోడలి భుజంమీద కూడా పడలేదు. చిన్నకోడలి తలకింద ఉన్న దిండు అత్తగారి సొంత దిండు. అది ఇంకెవరైనా ముట్టుకుంటే ఆవిడ ఊరుకోదు.

"లేమ్మా, అక్క పాలు తెచ్చింది" అంది అత్తగారు.

చిన్నకోడలు లేచి కూర్చుంది. మొహం గోడవైపు తిప్పుకునే పడుకుని ఉందేమో, జుట్టంతా ఎడమ చెంపమీదికి వచ్చి అంటుకుపోయింది. పళ్ళెంకేసి చూసి, "రెండు కప్పులు ఎందుకక్కా? ఒకటే తాగలేకపోతున్నాను" అంది.

పళ్ళెంలో ఉన్నది ఒకటే కప్పు.

వెటకారం అనుకుంది పెద్దకోడలు. ఒక్క కప్పే తెచ్చావా అని దెప్పుతోంది కాబోలు. ఒళ్ళు నొక్కించుకుంటూ, అత్తగారి దిండుమీద ఆనుకుంటూ, ఇప్పుడు వెటకారం కూడా నేర్చింది. "ఇంకోటి కావాలంటే తెస్తాలే, ముందు ఇది తాగు" అంది పొడిగా.

చిన్నకోడలు కప్పు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకుంది. రెండోసారికి కప్పు చేతికి దొరికింది. రెండు గుక్కలు తాగింది. పాలు ఎడమ పక్క పెదవి చివరనుంచి గడ్డంమీదికి కారుతున్నాయి, ఆ సంగతి ఆమెకు తెలిసినట్టే లేదు. అత్తగారు గబగబా చీర చెంగుతో తుడిచింది.

"చెంప మొద్దుబారిపోయిందక్కా. పన్ను పీకేముందు సూది వేస్తారే, అలా. ఈ పక్క పైపళ్ళు కూడా నావి కానట్టున్నాయి, నాలుకతో తోస్తే కదులుతున్నాయి."

"పడుకునీ పడుకునీ అలా అయింది. కాస్త లేచి అటూ ఇటూ తిరుగు. నేను పదకొండో రోజుకల్లా బట్టలుతికాను."

"నీ ఒళ్ళు వేరు, దాని ఒళ్ళు వేరు. అందరూ నీలాగా మొండిఘటాలా?" అంది అత్తగారు.

గోరుచుట్టుమీద రోకటిపోటు. పెద్దకోడలు పళ్ళెం తీసుకుని వెళ్ళిపోబోయింది.

"అక్కా, ఉండు" అంది చిన్నకోడలు. దిండు కింద తడిమి ఫోన్ తీసింది. "ఇది చూస్తుంటే కాస్త ధైర్యంగా ఉంటోంది. అద్దంలో చూసుకుంటే ఎవరిదో మొహంలా ఉంది. ఇందులో మటుకు నేనే ఉన్నాను. డాక్టరమ్మ ఏం లేదని ఊరికే అనలేదు."

ఫోన్‌లో ఉన్నది మూడు రోజుల కిందట డాక్టరమ్మకు పంపిన ఫోటో.

"కానీ నా కళ్ళ పనైపోయిందక్కా" అని చిన్నకోడలు సగం నోటితో నవ్వింది. "నిన్న సాయంత్రంనుంచి అన్నీ రెండు రెండు కనిపిస్తున్నాయి. నీరసం అనుకుంటాను. ఫోటోలో కూడా అంతే. నా పుట్టుమచ్చ చూడు, ముక్కుకి అటొకటి, ఇటొకటి."

పెద్దకోడలు వంగి చూసింది.

చిన్నకోడలికి ముక్కు పక్కన, కుడివైపు, ఆవగింజంత పుట్టుమచ్చ ఉంది. ఒకటే ఉంది. ఫోటోలో రెండున్నాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు సరిగ్గా అంతే దూరంలో అంతే పరిమాణంలో ఇంకొకటి. పెద్దకోడలి కళ్ళకు జబ్బేమీ లేదు. ఆమెకు కూడా రెండే కనిపించాయి.

"ఏదీ, ఇలా ఇయ్యి" అని అత్తగారు ఫోన్ తీసుకుని, కళ్ళజోడు లేకుండానే చేతిదూరంలో పెట్టి చూసింది. "చక్కగా ఉన్నావు. లేనిపోనివి ఊహించుకోకు."

పెద్దకోడలు మెట్లు దిగింది. ఎన్ని మెట్లు దిగిందో, కౌంటర్లో ఉన్న మరిది ఏమడిగాడో ఆమెకు తెలియదు. స్టూడియో వెనకగదిలో తన కుర్చీలో కూర్చున్నాక చూసుకుంటే పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

ఆ స్టూడియోలో ఆమె పని మొహాలు సరిచెయ్యడం. మన చెయ్యి పడకుండా ఒక్క మొహం కూడా గడప దాటకూడదని పోయిన మామగారు పెట్టిన నియమం. బడిపిల్లల గుర్తింపు కార్డులనుంచి పెళ్ళిచూపుల ఫోటోల దాకా అన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళాల్సిందే. మొటిమలు తీసేది, కళ్ళకింద నలుపు తీసేది. పని ఎక్కువగా ఉన్నప్పుడు ఆమెకొక దగ్గరదారి ఉంది. మొహంలో బాగున్న సగాన్ని తిప్పి, బాగాలేని సగంమీద పరిచి, అతుకు కనపడకుండా కలిపెయ్యడం. నిమిషంన్నర పని. చివర్లో మచ్చలు మాత్రం చూసుకోవాలి, లేకపోతే మనిషికి రెండేసి వస్తాయి. ఒకసారి ఒక లెక్కల మాస్టారికి ఇలాగే రెండు మచ్చలు పెట్టి పంపిస్తే, ఆయన తిరిగి వచ్చి, "అమ్మా, నాకు ఒకటి చాలు" అన్నాడు. ఆ మాట చెప్పుకుని ఇంట్లో ఏడాది నవ్వారు.

ఇప్పుడు నవ్వు రాలేదు. డాక్టరమ్మ చూసి "వాపేమీ లేదు" అన్నది చిన్నకోడలి మొహాన్ని కాదు. రెండు కుడి చెంపల్ని.

కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచింది. ఆ రోజు సంగతంతా దానితోపాటే తెరుచుకుంది. చిన్నకోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, మొగుడు ఇరవై నిమిషాలు లైట్లు సర్దాడు. "కాస్త పైకెత్తు తల్లీ, ఆయాసంగా ఉందా, ఆగుదామా" అంటూ. పెద్దకోడలి ఆధార్ ఫోటో తీసినప్పుడు "కదలకు" అని ఒక్క మాట అని ఒక్క నొక్కు నొక్కాడు. ఆ మంటతోనే ఆమె వచ్చి ఈ కుర్చీలో కూర్చుంది. పక్కన అరవై బడిపిల్లల ఫోటోలు వరసలో ఉన్నాయి, వాటి మధ్యలో ఇదీ వచ్చింది.

చెయ్యి అలవాటుకొద్దీ చేసేసిందని మూడు రోజులుగా తనకు తను చెప్పుకుంటోంది. అది అబద్ధం. చెయ్యి ఒంటరిగా ఏ పనీ చెయ్యదు, వెనకాల మనిషి ఉంటుంది. ఆ రోజు తెరమీద ఈ ఎడమ చెంప ఇంత పెద్దగా కనిపించింది. కంటికింద ఉబ్బు, కాస్త వాలిన రెప్ప, ముక్కుపక్కన కమిలినట్టు ఒక మరక. అది చూడగానే ఆమెకు సంతోషం వేసింది. ఆ మొహంలో మూడేళ్ళకు మొదటిసారి ఒక వంకర దొరికింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ వాపు డాక్టరు చూస్తే ఇంకో పదిహేను రోజులు మంచం దిగదు. ఇంకో పదిహేను రోజులు కాళ్ళు ఒత్తడం, దిండ్లు మార్చడం, ఇల్లంతా దాని చుట్టూ తిరగడం. పడుకున్న పక్కకి ఉబ్బి ఉంటుందిలే అనుకుంది. అనుకుని మౌస్ పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ ఆ వాపు ఏమిటో ఆమె కళ్ళు చూస్తూనే ఉన్నాయి. నిమిషంన్నరలో చిన్నకోడలికి జబ్బు లేకుండా పోయింది.

వెంటనే పంపెయ్యొచ్చు, అసలు ఫోటో. ఒక్క నొక్కు. కానీ పంపితే డాక్టరమ్మ అడుగుతుంది, మొదటిది ఎవరిదని. మొగుడికి తెలుస్తుంది, మరిదికి తెలుస్తుంది. పద్నాలుగేళ్ళు నోరు మూసుకుని సంపాదించుకున్న మంచిపేరు ఆ ఒక్క నొక్కుతో పోతుంది. కావాలని చేసిందంటారు. కావాలని చెయ్యలేదని తను ఒట్టు వెయ్యలేదు కూడా. ఫోటోని ఫోన్‌లోకి ఎక్కించుకుంది. పంపలేదు. మధ్యాహ్నం దాకా బడిపిల్లల మొహాలు దిద్దుతూ కూర్చుంది, ఒక్క మొహం కూడా సరిగా కుదరలేదు.

పన్నెండు దాటాక మళ్ళీ పైకి వెళ్ళింది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి చిన్నకోడలు కూర్చుని ఉంది. మొహంలో కాస్త వెలుగు.

"అక్కా, తగ్గిపోయింది" అంది. "ఇప్పుడు రెండు కనిపించడం లేదు. అత్తయ్య ఒక్కరే, కిటికీ ఒకటే, నువ్వూ ఒక్కదానివే."

"ఆవిరి పట్టించానుగా" అంది అత్తగారు గర్వంగా, పాదాలు ఒత్తడం ఆపకుండానే. "డాక్టరమ్మ చెప్పినట్టే అయింది."

హమ్మయ్య అనుకుంది పెద్దకోడలు. దేవుడు ఉన్నాడు, తనంతట తనే తగ్గిపోయింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోని తీసి పారేస్తే అంతటితో సరి. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా.

ఆ సంతోషంలో చిన్నకోడలి దగ్గరికి వెళ్ళి, చెంపమీద పడిన జుట్టు వెనక్కి తోసింది. మూడేళ్ళలో ఆ మొహాన్ని ఆమె చేత్తో ముట్టుకోవడం అదే మొదలు.

రోజుకు వంద మొహాలను రెండు సగాలుగా విడదీసి చూసే కళ్ళు అవి. వాటిని మోసం చెయ్యడం కష్టం. కుడి సగం నవ్వుతోంది. ఎడమ సగం నవ్వడం లేదు. ఎడమ రెప్ప పొద్దుటికన్నా ఇంకా కిందికి వాలింది. ముక్కుపక్కన కమిలిన మరక నల్లబడింది, ముక్కురంధ్రం అంచున మసిలాంటిది ఎండి ఉంది. పెద్దకోడలు పక్కకు జరిగితే చిన్నకోడలి కుడికన్ను ఆమెతోపాటు కదిలింది. ఎడమకన్ను ఉన్నచోటే ఉంది.

పెద్దకోడలు ఫోటో తీసి పారెయ్యలేదు. అక్కడే నిలబడి డాక్టరమ్మకు పంపింది. కింద రాసింది: "ముందు పంపింది నేను సరిచేసిన ఫోటో. అదే రోజు తీసిన అసలు ఫోటో ఇది."

రెండు నిమిషాలు కాకముందే ఫోన్ మోగింది. పెద్దకోడలు స్పీకర్ పెట్టి మంచంమీద ఉంచింది.

"ఈ ఫోటో మూడు రోజుల కిందటిదా?" డాక్టరమ్మ గొంతు నెమ్మదిగానే ఉంది.

"అవునండీ."

"ఆ రోజు పంపినదాంట్లో వాపు లేదు. రెప్ప కూడా బాగానే ఉంది."

"వాపు ఉందండీ. నేనే తీసేశాను. కుడి పక్క మొహం తిప్పి ఎడమ పక్క అతికించాను. మా పని అదే."

అత్తగారి చేతులు చిన్నకోడలి పాదాలమీద ఆగిపోయాయి.

"ఎందుకే?" అంది అత్తగారు. కోపంగా కూడా అనలేదు, అర్థం కాక అంది. "డాక్టరుకి పంపేదాంట్లో నీ చెయ్యెందుకే?"

పెద్దకోడలు అలవాటు అనొచ్చు. మామగారి నియమం అనొచ్చు. మూడు రోజులుగా తయారుచేసి పెట్టుకున్న మాటలు అవి, నాలుక చివర ఉన్నాయి.

"ఓర్వలేకపోయాను అత్తయ్యా" అంది. "మీరందరూ దాని చుట్టూ తిరుగుతుంటే చూడలేకపోయాను. వాపు కనిపిస్తే ఇంకా తిరుగుతారని తీసేశాను."

చిన్నకోడలు ఆమెకేసి చూసింది. ఒక్క కన్నే ఆమెకేసి చూస్తోందని పెద్దకోడలికి మాత్రమే తెలుసు.

"అవన్నీ మీరూ మీరూ తర్వాత మాట్లాడుకోండి" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు నేను అడిగినవి చెప్పండి. చెంప మొద్దుబారిందా? పైపళ్ళు కదులుతున్నాయా? ముక్కులోంచి నల్లగా వస్తోందా?"

"మూడూ ఉన్నాయి."

"ఒకటి రెండుగా కనిపిస్తోందందా?"

"నిన్న సాయంత్రంనుంచి కనిపించాయట. ఇందాకటినుంచి లేదంటోంది. తగ్గిందంటోంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. "తగ్గిందా" అని డాక్టరమ్మ తనలో తను అనుకున్నట్టు అని, వెంటనే గొంతు మార్చింది. "వినండి. ఇలాంటి జ్వరం తర్వాత, షుగర్ పెరిగినవాళ్ళకి ఒక ఫంగస్ ముక్కులోంచి పట్టుకుని పైకి పాకుతుంది. దవడకి, కంటికి, అక్కడినుంచి లోపలికి. మందుంది, ఆపరేషనుంది. కాకపోతే దీనికి రోజుల లెక్క లేదు, గంటల లెక్క. ఆమెను ఇప్పుడే తీసుకురండి, నేను లోపల అన్నీ సిద్ధం చేయిస్తాను. ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. బయలుదేరేముందు నాకొకటి తెలియాలి. ఆమె పక్కనే ఉన్నారా?"

"ఉన్నానండీ."

అత్తగారు అప్పటికే మెట్ల దగ్గరికి వెళ్ళి చిన్నకొడుకుని కేకేస్తోంది. కింద కుర్చీ పడిన చప్పుడు, షట్టర్ సగం లాగిన చప్పుడు వినిపించాయి.

"కుడికన్ను అరచేత్తో పూర్తిగా మూసుకోమనండి. మీరు ఆమె ఎదురుగా చెయ్యి పెట్టి, ఎన్ని వేళ్ళో అడగండి."

చిన్నకోడలు అన్నీ వింది. చెప్పించుకోకుండానే కుడి అరచెయ్యి తీసి కుడికంటికి అడ్డం పెట్టుకుంది. వీపు నిటారుగా పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, కదలకుండా కూర్చుంది.

పెద్దకోడలు మంచంమీద ఆమెకు ఎదురుగా కూర్చుని మూడు వేళ్ళు చూపించింది. కిటికీలోంచి పడే ఎండ సరిగ్గా ఆ వేళ్ళమీదే ఉంది. చిన్నకోడలు ఏమీ చెప్పలేదు. పెద్దకోడలు చెయ్యి ఇంకా దగ్గరగా తెచ్చింది. ఇంకా దగ్గరగా తెచ్చింది. వేళ్ళ చివరలు ఆమె కనురెప్పల వెంట్రుకలకు తగిలేంత దగ్గరగా వచ్చాయి.

చిన్నకోడలు ఎదురుచూస్తూనే ఉంది.

"చెయ్యి పెట్టక్కా" అంది. "చెప్తాను."